తుఫాను శిబిరాల్లో ఈడొచ్చిన ఆడపిల్లలకు విడిగా ఏం కావాలి? హుద్‌హుద్ అప్పుడు విశాఖలో చూసింది చెబుతాను

తుఫాను బాధితులకు సాయం చేసే మీ బృందం, 12 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఏమైనా చేయాలా, అందరికీ ఇచ్చే బియ్యం, దుప్పట్లు చాలవా అని అడిగింది. చాలవండీ. పసిపిల్లలకు పాలు, ముసలివాళ్లకు మందులు అంటూ జాబితా రాస్తారు. ఈ ఈడు పిల్లలు అందులో ఎక్కడా ఉండరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. ఊరంతా కరెంటు పోయింది, మోటార్లు ఆడక నీళ్లూ లేవు. సముద్రం ఒడ్డు బస్తీల వాళ్లకి ఆశ్రయమిచ్చిన ఒక బడిలో నేను వంటకి, సరుకుల పంపకానికి వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం మంచినీళ్లు పోస్తుంటే తొమ్మిదో తరగతి పిల్ల గ్లాసు వెనక్కి ఇచ్చేసింది. "వద్దక్కా, తాగితే రాత్రి లేవాలి" అంది. మరుగుదొడ్డి బడి వెనకాల ఉంది. తలుపుకి గెడ లేదు. కూలిన కొమ్మల మధ్య చీకట్లో, వరండాలో పడుకున్న మగవాళ్లను దాటుకుంటూ వెళ్లాలి. అడిగితే మిగతా పిల్లలూ అదే మాట. మధ్యాహ్నం నుంచే నోరు కట్టుకుంటున్నారు.

నెలసరి వచ్చినవాళ్ల అవస్థ చెప్పలేం. గుడ్డలు ఉతికినా ఆరేసే చోటు లేదు, చెమ్మగా ఉన్నవే మళ్లీ వాడేవారు. ప్యాడ్లు వచ్చాక కూడా, పంచుతున్నది కుర్రాళ్లని ఒక్క పిల్లా దగ్గరికి రాలేదు. అంగన్‌వాడీ టీచరు వాటిని ఒక గదిలో పెట్టుకుని తనే ఇస్తే అప్పుడు తీసుకున్నారు. మీరు ఇచ్చేటప్పుడు లోదుస్తులు, సబ్బు, మూత ఉన్న బకెట్ కలిపి ఇవ్వండి.

సహాయ సంస్థలు అనుసరించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం శిబిరంలో 20 మందికో మరుగుదొడ్డి ఉండాలి. మగవాళ్లకి ఒకటుంటే ఆడవాళ్లకి మూడు, లోపల గడియ, వెలుతురు ఉండాలి. అన్ని దొడ్లు మేం ఎక్కడ కట్టించగలం? గెడ బిగించాం, ఒక ఛార్జింగ్ లైటు వేలాడదీశాం, మగవాళ్ల పక్కలు గేటు వైపుకి మార్పించాం. ఇంత చిన్న పనికే పిల్లలు మళ్లీ నీళ్లు తాగారు.

అసలు దెబ్బ శిబిరం ఎత్తేశాక తగులుతుంది. చాలామంది సాయం చేసేవాళ్లు అప్పటికి వెళ్లిపోతారు. పడవ ముక్కలైంది, వలలు పోయాయి, రేకులు ఎగిరిపోయాయి. తల్లి చేపల అమ్మకం వదిలి అప్పు కోసం తిరుగుతుంటే తమ్ముళ్లు, వంట, నీళ్లు అన్నీ పెద్దపిల్ల నెత్తిన పడతాయి. బడి తెరిచినా ఆ పిల్ల రాదు. ఆ తర్వాత పెళ్లి మాట. నాకు తెలిసిన ఒక ఇంట్లో పదో తరగతి పిల్లకి మేనత్త కొడుకుని అనుకున్నారు. "కట్నం అడగట్లేదమ్మా, తలుపు లేని ఇంట్లో ఈడొచ్చిన పిల్లని ఎలా కాయను?" అని తల్లి ఏడ్చింది. ఆమెను రాక్షసిలా చూడొద్దు, ఆ భయం నిజం. యుద్ధం నుంచి పారిపోయి జోర్డాన్ చేరిన సిరియా కుటుంబాల్లోనూ ఇలాంటి భయంతోనే చిన్నపిల్లల పెళ్లిళ్లు పెరిగాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో మామూలు రోజుల్లోనే ఈ జబ్బు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయినట్టు తేలింది.

ఆ ఇంట్లో చట్టం కంటే ముందు తలుపు పనిచేసింది. నలుగురం కలిసి రేకులు, తలుపు పెట్టించాం. టీచరమ్మ వచ్చి పరీక్షల దాకా ఆగమని మేనత్తతో మాట్లాడింది. ఆ పిల్ల మార్చిలో పరీక్ష రాసింది. మాట వినని చోట పిల్లల సాయం కోసం ఉన్న 1098 నంబరుకి ఫోన్ చేయండి. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం కింద, ముహూర్తానికి ముందే ఆ పెళ్లిని కోర్టు ఆపించగలదు.

మీ బృందానికి డబ్బు తక్కువైతే దుప్పట్లు తగ్గించుకోండి. తుఫాను తర్వాత ఆ విద్యా సంవత్సరం అయ్యేదాకా బడి హాజరు పట్టీ చూసే మనిషిని మాత్రం పెట్టుకోండి. వరసగా వారం రోజులు రాని ఆడపిల్ల ఇంటికి ఆ మనిషి వెళ్లి రావాలి.