చూసిన గ్రహం మళ్లీ దొరకాలంటే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను మూడేళ్లుగా ‘ఎలైట్ డేంజరస్’ అనే అంతరిక్ష యాత్రల వీడియో గేమ్ ఆడుతున్నాను. యుద్ధాలూ వ్యాపారమూ నాకు పట్టవు. ఎవరూ చూడని నక్షత్రాలను వెతుక్కుంటూ తిరగడమే ఇష్టం. దారిలో బాగున్న ప్రతి చోటా స్క్రీన్‌షాట్ తీసుకుంటూ వచ్చాను. అవిప్పుడు ఆరు వందలు దాటాయి. మొన్న ఒక మిత్రుడికి, వలయాల వెనుక నుంచి రెండు సూర్యులు ఒకేసారి ఉదయించే ఒక గ్రహాన్ని చూపిద్దామనుకుంటే, బొమ్మ ఉంది గానీ ఆ గ్రహం ఎక్కడుందో ఎంత వెతికినా తెలియలేదు. తిరిగిన చోట్లను నమోదు చేసుకోవడానికి ఏ పద్ధతి మంచిది?

జవాబు: మీ ఆరు వందల బొమ్మలూ జ్ఞాపకాలుగా బాగానే పనికొస్తాయి, కానీ వాటిలో చిరునామా లేదు. పాలపుంతను నిజమైన కొలతలతో నిర్మించి, అందులో దాదాపు 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలను పెట్టిన ఆటలో, చిరునామా లేకుండా ఒక గ్రహాన్ని జ్ఞాపకశక్తితో వెతికి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అయితే మీరు కంప్యూటర్‌లో ఆడుతున్నట్లయితే, పోయిందనుకుంటున్న ఆ గ్రహం చిరునామా ఇప్పటికీ మీ దగ్గరే ఉండే అవకాశం ఉంది.

ఈ ఆట మీకు చెప్పకుండానే మీ ప్రయాణాన్ని రాసిపెడుతుంది. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్ తెరిచి ‘సేవ్డ్ గేమ్స్’ లోపల చూస్తే, ఆటను తయారుచేసిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ పేరుతో ఒక ఫోల్డర్, దానిలో ఆట పేరుతో మరొకటి, అందులో ‘జర్నల్’ అనే మాటతో మొదలయ్యే మామూలు అక్షరాల ఫైళ్లు కనిపిస్తాయి. ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి మీరు జంప్ చేసిన ప్రతిసారీ అందులో ఒక వరుస చేరుతుంది: తేదీ, సమయం, వ్యవస్థ పేరు, దానికి ఆట ఇచ్చుకున్న ఒక పొడవాటి సంఖ్య, అంతరిక్షంలో దాని మూడు స్థాన సంఖ్యలు. మీరు స్కాన్ చేసిన గ్రహాల వివరాలూ అందులోనే పడతాయి. ఆటకు చెందిన సొంత మీటతో, అంటే మామూలుగా ఎఫ్10తో, బొమ్మ తీసి ఉంటే ఆ బొమ్మ ఫైలు పేరు, తీసిన వ్యవస్థ, పక్కనున్న గ్రహం పేరు కూడా ఒక వరుసగా నమోదై ఉంటాయి. ఆటలు అమ్మే స్టీమ్ సేవకు చెందిన మీటతో తీసిన బొమ్మలకు ఈ వరుస ఉండదు; అప్పుడు బొమ్మ ఫైలు తీసిన సమయాన్ని జర్నల్‌లోని సమయంతో పోల్చుకోవలసిందే. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు: బొమ్మ ఫైలు మీ గడియారం సమయాన్ని చూపిస్తుంది, జర్నల్ మాత్రం అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని రాస్తుంది. ఆ రెండింటి మధ్య తేడాను కలుపుకోకుండా వెతికితే గంటల కొద్దీ ముందో వెనకో ఉన్న వేరే నక్షత్రం దగ్గర తేలతారు. మరొక మాట: ఆటను కొత్త కంప్యూటర్‌లో వేసుకున్నప్పుడు ఈ ఫోల్డర్ తనంతట తాను వెంట రాదు. మిగతా పనులన్నీ ఆపి, ఈరోజే దానికొక నకలు తీసి మరోచోట దాచుకోండి.

ఇక ముందు చూడబోయే చోట్ల సంగతి. యంత్రం రాయగలిగినదాన్ని యంత్రానికే వదిలేసి, అది రాయలేనిదాన్ని మాత్రమే మీరు రాయడం నేను చూసినంతలో నిలబడే పద్ధతి. నక్షత్రం వర్గమేమిటి, గ్రహం గురుత్వాకర్షణ ఎంత, వాతావరణంలో ఏముంది అనేవి జర్నల్ మీకంటే కచ్చితంగా రాస్తుంది. మీరు అక్కడ ఎందుకు ఆగారన్నది మాత్రం ఏ ఫైలులోనూ ఉండదు. నా పాత నోటుపుస్తకం ఒకటి ఇప్పుడు తీస్తే, నలభై పుటల నిండా ‘అందమైన నీలి గ్రహం’, ‘ఇంకో అందమైన నీలి గ్రహం’ అని ఉంది. ఏది ఏదో నాకే తెలియదు. ‘గ్రహం మధ్యరేఖ దగ్గర దిగితే వలయం నెత్తిమీద గీతలా కనిపిస్తుంది, చిన్న సూర్యుడు పెద్దవాడి వెనక్కి వెళ్లేదాకా ఆగాలి’ అని రాసుకుని ఉంటే ఆ పుటలు ఈనాటికీ పనికొచ్చేవి.

చిరునామాను మాత్రం చేత్తో రాయకుండా, ఆట చూపించే చోటు నుంచి నకలు తీసి అతికించండి. ఈ జాగ్రత్త చాదస్తంలా కనిపించవచ్చు గానీ కాదు. ఈ ఆటలో మన సూర్యుడే సున్నా బిందువు. మూడు సంఖ్యల్లో ఒకటి పక్కకు, ఒకటి గెలాక్సీ తలానికి పైకీ కిందికీ, మూడోది కేంద్రం వైపు ఎన్ని కాంతి సంవత్సరాలో చెబుతాయి. ఆటగాళ్లకు బాగా తెలిసిన కొలోనియా అనే నక్షత్ర వ్యవస్థ స్థానం –9530.5, –910.28125, 19808.125. మొదటి సంఖ్య ముందున్న చిన్న గీతను రాయడం మరిచిపోయారనుకోండి, మీరు వెళ్లే చోటు అసలు చోటుకు 19,061 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. ఇటువంటి పొరపాటు నిజమైన ఆకాశంలోనూ జరిగింది. పద్దెనిమిదో శతాబ్దంలో తోకచుక్కలను వెతికిన ఫ్రెంచి ఖగోళజ్ఞుడు షార్ల్ మెస్సియే, తోకచుక్కల్లా భ్రమింపజేసే మసక మచ్చల జాబితా ఒకటి తయారుచేశాడు. అందులో 47వది అని రాసిన నక్షత్ర గుచ్ఛం కోసం తరువాతివాళ్లు ఆయన చెప్పిన చోట చూస్తే అక్కడ ఏమీ లేదు. పక్కనున్న ఒక నక్షత్రం నుంచి స్థానాన్ని లెక్కగట్టేటప్పుడు కూడిక, తీసివేత గుర్తులు తారుమారయ్యాయని ఇరవయ్యో శతాబ్దంలో గానీ తేలలేదు.

పేరు ఒక్కటే రాసుకుంటే చాలదా అని అడుగుతారేమో. ఆట స్వయంగా పుట్టించే పేర్లు వినడానికి గందరగోళంగా ఉన్నా, నిజానికి అవి సగం చిరునామాలే. ‘ఇయోల్ ప్రౌ ఆర్ఎస్-టి డి3-94’ అనే పేరు తీసుకోండి. మొదటి రెండు మాటలు ఒక్కో వైపు 1,280 కాంతి సంవత్సరాలుండే ఒక ఘనాకార ప్రాంతం పేరు. మధ్యలోని అక్షరాలు ఆ ప్రాంతంలో ఒక చిన్న గడిని సూచిస్తాయి. ఆ తరువాత వచ్చే ‘డి’ అనే చిన్న అక్షరం వ్యవస్థ ద్రవ్యరాశి తరగతినీ, దానితోపాటు ఆ గడి పరిమాణాన్నీ చెబుతుంది. ‘ఎ’ అయితే గడి ఒక్కో వైపు 10 కాంతి సంవత్సరాలు, ఒక్కో మెట్టుకు రెట్టింపవుతూ ‘డి’ దగ్గర 80, చివరిదైన ‘హెచ్’ దగ్గర మొత్తం ప్రాంతమంతా. కాబట్టి పేరు చదవడం వచ్చినవారికి అది దాదాపు ఏ మూలనుందో తెలుస్తుంది. అయినా పేరును పూర్తిగా నమ్మకండి, ఎందుకంటే పేర్లు మారతాయి. పైన చెప్పిన వ్యవస్థే తరువాత కొలోనియా అయింది: 2016లో గెలాక్సీ అవతలి అంచు దగ్గరి బీగల్ పాయింట్‌కు గురిపెట్టి బయలుదేరిన జాక్స్ అనే అంతరిక్ష స్టేషన్ దారితప్పి అక్కడ తేలగా, ఆటగాళ్లు దాన్ని వెతికి పట్టుకుని చుట్టూ ఒక స్థావరమే కట్టుకున్నారు. పేరు మారినా స్థాన సంఖ్యలు మారలేదు. రెండూ రాసుకోండి.

ప్రశ్న: ‘నో మ్యాన్స్ స్కై’ అనే మరో అంతరిక్ష ఆటలో నా స్నేహితుడు పన్నెండు గుర్తుల పోర్టల్ (దూరపు గ్రహాలకు చేర్చే ద్వారం) చిరునామా ఒకటి పంపాడు. అన్నీ సరిగానే నొక్కాను. అతను చెప్పిన పచ్చిక మైదానాల గ్రహానికి బదులు, విషపు వాన కురిసే గ్రహం మీద దిగాను. తప్పు ఎవరిది?

జవాబు: ఇద్దరిదీ కాకపోవచ్చు. పోర్టల్ మీద పదహారు రకాల గుర్తులుంటాయి. వాటిలో మొదటిది గ్రహాన్ని, తరువాతి మూడు నక్షత్ర వ్యవస్థను, మిగిలిన ఎనిమిది గెలాక్సీలో ఆ ప్రాంతం ఎక్కడుందో చెబుతాయి. ఆ పన్నెండింటిలో గెలాక్సీ ఏదన్నది మాత్రం లేదు. ఆటగాళ్లు చేరుకోగల గెలాక్సీలు 255 ఉన్నాయి. అందరూ మొదట ఉండేది యూక్లిడ్‌లో. మీ స్నేహితుడు గెలాక్సీ కేంద్రం దాటి రెండోదానికో పదోదానికో వెళ్లి ఉంటే, అక్కడి చిరునామాను మీరు యూక్లిడ్‌లో నొక్కినప్పుడు అదే అంకెల ఇల్లు, కానీ వేరే ఊళ్లోది దొరుకుతుంది. అందుకే ఈ ఆటలో నమోదు చేసే ప్రతి చిరునామాకూ ముందు గెలాక్సీ పేరు రాయడం తప్పనిసరి.

గెలాక్సీ కూడా ఒకటే అయితే రెండో అనుమానం: అతను ఆ గ్రహాన్ని ఎప్పుడు చూశాడు? ఈ ఆటలోని గ్రహాలు ఎక్కడా దాచిపెట్టి ఉండవు. మీరు చేరుకున్నప్పుడు ఆట వాటిని సూత్రం ప్రకారం లెక్కకట్టి చూపిస్తుంది. సూత్రం మారితే గ్రహమూ మారుతుంది. 2018 జులైలో వచ్చిన ‘నెక్స్ట్’ అప్‌డేట్ తరువాత తమ ఇల్లు కట్టుకున్న గ్రహాన్ని గుర్తుపట్టలేకపోయినవారు ఎందరో. తేదీ, వీలైతే వెర్షన్ సంఖ్య లేని వర్ణన పాత పంచాంగంతో సమానం. అప్‌డేట్‌కు ముందు మీకు బాగా ఇష్టమైన చోటు ఉంటే, బొమ్మలు తీసుకోవడానికి అదే తగిన సమయం. ఫోటో మోడ్‌లో మీకు తెలిసిన గుర్తులు బొమ్మ అడుగున ఎడమవైపు వాటంతట అవే కనిపిస్తాయి కాబట్టి, ఈ ఆట వరకు బొమ్మే చిరునామా మోసుకొస్తుంది; దాని అంచులు కత్తిరించి పెట్టుకునే అలవాటు ఉంటే మానుకోండి. గ్రహానికి మీరు పెట్టిన పేరుతోపాటు ఆట ఇచ్చిన మొదటి పేరునూ రాసి ఉంచండి.

ప్రశ్న: రెండు వారాలు తిరిగి సేకరించిన సమాచారాన్ని అమ్ముకోకముందే నా ఓడ, నేల తాకి పేలిపోయింది. ఆవిష్కర్తగా నా పేరు రాలేదు. నా నమోదులు కూడా పోయినట్టేనా?

జవాబు: మీది ‘ఎలైట్ డేంజరస్’ అయి ఉండాలి. అక్కడ స్కాన్ సమాచారాన్ని ఒక స్టేషన్‌లో అమ్మేదాకా అది ఓడలోని సరుకే. ఓడ పోతే అదీ పోతుంది, దానితో మొదట చూసినవారిగా పేరు పడదు. జర్నల్ ఫైలులోని వరుసలు మాత్రం మీ కంప్యూటర్‌లో అలాగే ఉంటాయి. కాబట్టి ఎక్కడెక్కడ ఏముందో మీకు తెలుసు. మరొకరు రాకముందే తిరిగి వెళ్లి, మళ్లీ స్కాన్ చేసి అమ్ముకోవచ్చు. గురుత్వాకర్షణ ఎక్కువున్న గ్రహం మీద దిగబోయే ముందు ఆ సంఖ్యను చూసే అలవాటు చేసుకోండని చెప్పడం పుండుమీద కారం చల్లినట్టుంటుంది గానీ, చెప్పక తప్పదు.

ప్రశ్న: నేను స్ప్రెడ్‌షీటులో ఇరవై గడులు పెట్టి శ్రద్ధగా మొదలుపెడతాను, పది రోజులకే విసుగొచ్చి మానేస్తాను. ఆడే సమయం కంటే రాసే సమయమే ఎక్కువైపోతోంది. ఇది అందరికీ ఉండే ఇబ్బందేనా?

జవాబు: దాదాపు అందరిదీ. ఇరవై గడుల్లో పదిహేను, యంత్రానికి వదిలేయాల్సినవే అయి ఉంటాయి. వాటిని తీసేసి, తేదీ, ఆట నుంచి నకలు తీసిన చిరునామా, ఎందుకు ఆగానన్న ఒక వాక్యం, ఇంకా ఏం మిగిలిందన్న మరొక వాక్యం ఉంచండి.

చివరిదాన్ని ఎందుకు కలిపానో చెప్పాలి. 2019లో వచ్చిన ‘అవుటర్ వైల్డ్స్’ అనే ఆటలో, ప్రతి 22 నిమిషాలకూ కాలం మొదటికి వస్తుంది. మీరు చేసిన పనులన్నీ చెరిగిపోతాయి, మీ ఓడలోని లాగ్ ఒక్కటే చెరగదు. ఆ లాగ్‌ను గ్రహాల వరుసలోనూ చూడవచ్చు, ఒక చోట విన్న మాట మరో చోటుకు ఎలా దారి చూపిందో తెలిపే గీతల అల్లికగానూ చూడవచ్చు. ఒక చోట ఇంకా చూడవలసింది మిగిలి ఉంటే, దాని పక్కన చిన్న గుర్తు ఒకటి నిలిచి ఉంటుంది. వారం రోజుల తరువాత ఆట తెరిచినవారికి ‘నిన్న ఎక్కడున్నాను’ అన్న తికమక రాకుండా కాపాడేది ఆ గుర్తే. మీ స్ప్రెడ్‌షీటులో దానికి సమానమైనది ఆ నాలుగో గడి: ‘మూడో చందమామ మీద వేడి నీటి ఊటలు ఉన్నాయని స్కాన్ చెప్పింది, చీకటి వల్ల దిగలేదు.’ ఒక సాయంత్రం ఆటకు రెండు మూడు వరుసలు మించి రాయకండి. ఆగకుండా దాటిపోయిన నక్షత్రాలకు వరుస అక్కర్లేదు. రాయడం కూడా ఆట ముగించాక కాదు, ఓడ ఇంకా ఆ గ్రహం ముందు నిలిచి ఉండగానే. ఆట కట్టేశాక రాద్దామనుకున్న వరుసల్లో సగం ఖాళీగా మిగిలిపోవడం నా పుస్తకంలో ఇప్పటికీ కనిపిస్తుంది.