పాఠకుల ప్రశ్నలు: కాటా దగ్గర, పొయ్యి దగ్గర విశ్వాసం

ప్రశ్న: ప్రతి జనవరి ఒకటిన ఆదికాండం నుంచి బైబిలు మొదలుపెడతాను. లేవీయకాండం రాగానే ఆగిపోతుంది. నాలుగేళ్లుగా ఇదే వరస. నాలో ఆసక్తి లేదంటారా?
— ఒక సహోదరి, తెనాలి

జవాబు: ఆసక్తి లేక కాదమ్మా, లెక్కే అలా ఉంది. బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు చొప్పున చదివితే ఆదికాండం యాభై, నిర్గమకాండం నలభై కలిసి సరిగ్గా జనవరి 30కి అయిపోతాయి. 31న లేవీయకాండం చేతికొస్తుంది. కొత్త సంవత్సరం ఊపు తగ్గే రోజులకే కథలు ఆగి బలుల విధులు మొదలవుతాయి. అసలు చిక్కు అంతకుముందే, నిర్గమకాండం 25లో ఉంది. దేవుని ఆరాధనకు కట్టిన గుడారం కొలతలు అక్కడ ఒకసారి చదువుతాం, 35 తర్వాత కట్టేటప్పుడు మళ్లీ చదువుతాం. అప్పటికే కళ్లు పేజీ మీద, మనసు పొయ్యి మీద పాల దగ్గర ఉంటాయి.

ఈ ఏడాది కొత్త నిబంధన పట్టుకోండి. అందులో 260 అధ్యాయాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొక్కటి చదివితే 52 వారాలకు సరిపోతుంది. శని, ఆదివారాలు తప్పిపోయినవాటికి. అప్పటికీ తీరనిది వదిలేసి సోమవారం ఆ రోజుదే చదవండి. బాకీ తీర్చాలని ఒకే రాత్రి పన్నెండు అధ్యాయాలు లాగించినవాళ్లు మర్నాడు బైబిలు ముట్టుకోరు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారే అధ్యాయాలు, కథ పరుగులు పెడుతుంది.

లేవీయకాండాన్ని మాత్రం పక్కన పారేయకండి. వరసగా కాకుండా మూడు చోట్ల తెరవండి. మొదటి అయిదు అధ్యాయాల్లో అయిదు రకాల అర్పణలున్నాయి: దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి. ఒక్కోదానికి ఎవరు తెస్తారు, ఏం తెస్తారు, ఎందుకు తెస్తారు అని నోట్సులో ఒక్క వరుస రాసుకోండి. తర్వాత 16వ అధ్యాయం, ప్రాయశ్చిత్త దినం. ఆపైన 19. పొలం అంచులు కోయకుండా పేదలకు వదలడం, కూలివాని డబ్బు తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోకపోవడం, తూనికలో మోసం చేయకపోవడం అన్నీ అక్కడే. ‘నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను’ అన్న మాటా అక్కడిదే. యేసు రెండవ ముఖ్యమైన ఆజ్ఞగా ఎత్తి చూపింది దాన్నే.

ప్రశ్న: స్వీట్ షాపులో కౌంటరు మీద పనిచేస్తాను. డబ్బాతో కలిపి తూయమని ఓనరు చెబుతారు. ఈమధ్యే బాప్తిస్మం తీసుకున్నాను. ఆ పని వెంటనే మానేయమని ప్రార్థన కూటంలో కొందరంటున్నారు. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే.
— ఒక సహోదరుడు, ఖమ్మం

జవాబు: ముందు లెక్క చూద్దాం తమ్ముడూ. కిలో పట్టే అట్టడబ్బా ఖాళీగా 60 గ్రాములుందనుకో. మైసూర్‌పాక్ కిలో 600 రూపాయలైతే ఆ అట్టను 36 రూపాయలకు అమ్మినట్టు. రోజుకు యాభై డబ్బాలు పోతే 1,800 రూపాయలు. ‘అందరూ చేసేదేగా’ అనిపించే పనిని ఇలా రూపాయల్లోకి మార్చి చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అని సామెతలు 11:1 చెబుతోంది. దేశ చట్టం మాటా అదే. తూకమంటే సరుకు బరువు, ప్యాకింగ్ అందులో కలవకూడదు.

ఇక పని మానేయడం సంగతి. లూకా 3లో సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకొచ్చి మేమేం చేయాలని అడిగారు. సుంకం మెట్టు మూసేయమని ఆయన చెప్పలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులనూ కత్తి పడేయమనలేదు. ఎవరినీ బాధపెట్టకండి, జీతంతో తృప్తిపడండి అన్నాడు. చేసే పనే తప్పైతే మానాలి. పనిలో తప్పు కలిసిందంటే ముందు ఆ తప్పును తీసేయాలి.

నీ చేతిలో ఉన్నది టేర్ బటన్. ఖాళీ డబ్బా, దాని మూత రెండూ కాటా మీద పెట్టు, టేర్ నొక్కు, సున్నా పడుతుంది, అప్పుడు స్వీటు వెయ్యి. రెండు సెకన్ల పని. డబ్బా తీసేశాక కాటా మీద మైనస్ 60 కనిపిస్తుంది. కంగారుపడకు, అది సరైన లెక్కే. అయితే అరకిలో డబ్బా బరువు వేరు కాబట్టి డబ్బా సైజు మారిన ప్రతిసారీ మళ్లీ నొక్కాలి. లేకపోతే ఈసారి మోసం నీ ఓనరుకు జరుగుతుంది. అది కూడా అన్యాయమే.

ఓనరుతో మాట్లాడేది కొట్టు కట్టేశాక, కొనేవాళ్లెవరూ లేనప్పుడు. వాక్యం చదివి వినిపించకు, వ్యాపారం భాషలోనే చెప్పు: “సార్, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకుంటున్నాం. తనిఖీకి వచ్చినవాళ్లు డబ్బాతో తూయడం చూస్తే కేసు రాస్తారు. డబ్బా ఖర్చు గిట్టకపోతే కిలో ధర ముప్పై పెంచి బోర్డు మీద రాద్దాం.” ధర పెంచడంలో దాపరికం లేదు, కొనేవాడికి కనిపిస్తుంది. వద్దనుకుంటే పక్క కొట్టుకు పోతాడు.

ఒప్పుకోకపోతే కౌంటరు నుంచి ప్యాకింగ్‌కో, వంట వైపుకో మార్చమని అడుగు. అదీ కాదంటే వేరే పని వెతకడం మొదలుపెట్టు. మానేయమని సలహా ఇచ్చిన సహోదరులకు ఆ వెతికే పని అప్పజెప్పు. నీ ఇంటి అద్దె కట్టేది వాళ్లు కాదు కదా, ఆ మాత్రం సాయమైనా చేయాలి. అన్నట్టు, కౌంటరు అద్దం మీద వాక్యం స్టిక్కరు మాత్రం కాటా సరయ్యేదాకా అంటించకు.

ప్రశ్న: మందిరంలో ఫోనులో బైబిలు చూడటం తప్పా?
— ఒక యువకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పు కాదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకో. ఇంట్లో మాత్రం పుస్తకమే తెరువు. ఫలానా మాట ఎడమ పేజీలో కింద ఉందన్న గుర్తు ఫోనులో నిలవదు.

ప్రశ్న: నా వయసు 52. షుగరుకు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన టాబ్లెట్ వేసుకుంటాను. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో నలభై రోజులూ సాయంత్రం ఆరింటిదాకా ఉపవాసమని మొదలుపెడితే మూడో రోజే ప్రార్థనలో చెమటలు పట్టి పడిపోయాను. విశ్వాసం ఉంటే టాబ్లెట్ మానేయొచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు.
— ఒక సహోదరి, ఏలూరు

జవాబు: టాబ్లెట్ మానకండమ్మా. మీరు పడిపోయింది విశ్వాసం తక్కువై కాదు. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది. కడుపు ఖాళీగా ఉంటే రక్తంలో షుగరు పడిపోతుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబడటం కనిపిస్తే ప్రార్థన మధ్యలోనైనా సరే లేచి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగండి. పావుగంట తర్వాత షుగరు చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మళ్లీ తాగండి. తేరుకున్నాక ఏదైనా తినండి. ఆ రోజు ఉపవాసం అంతటితో ముగిసింది, అందులో తప్పేమీ లేదు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ సంగతి మీ పక్కన కూర్చునే సహోదరికి ముందే చెప్పి ఉంచండి. తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బు చేస్తే పౌలు విశ్వాసం గురించి మందలించలేదు, మందుగా ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని రాశాడు (1 తిమోతి 5:23).

మరి మీరేం మానాలి? దానియేలు మూడు వారాలు రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం మానుకున్నాడని 10వ అధ్యాయంలో ఉంది. అది పూటలు మానే ఉపవాసం కాదు, రుచి మానే ఉపవాసం. మూడు పూటలా వేళ తప్పకుండా తినండి, మాంసం, పచ్చళ్లు, చిరుతిళ్లు మానండి. అంతకన్నా ఏ మార్పు చేయాలన్నా ముందు డాక్టరుతో మాట్లాడండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఈ దారిలోనే నడవడం మంచిది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రెండు మాటలు. మొదటి రోజు మధ్యాహ్నం వచ్చే తలనొప్పి చాలాసార్లు ఆకలిది కాదు, కాఫీ, టీలది. మూడు రోజుల ముందునుంచే వాటిని తగ్గించుకుంటూ రండి. శ్రమ దినాలు మన ఎండల్లో వస్తాయి కాబట్టి నీళ్లు మానొద్దు. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు మిరపకాయ బజ్జీలతో కాకుండా జావతోనో పలచని మజ్జిగతోనో మొదలుపెట్టండి. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం లేదు.

రెండో శతాబ్దపు క్రైస్తవ రచన ఒకదానిలో ఉపవాసానికి చక్కని లెక్క ఉంది. ఆ రోజు తినని భోజనం ఖరీదు కట్టి, ఆ డబ్బు విధవరాలికో అనాథకో ఇవ్వమంటుంది. యెషయా 58 అడిగేదీ ఇదే, ఆకలిగొన్నవానికి నీ ఆహారం పెట్టమని. మానిన పూటకు 60 రూపాయలనుకుంటే నలభై రోజులకు 2,400. వంటింట్లో ఒక డబ్బా పెట్టి ఏ రోజుది ఆ రోజే వేయండి. చివర్లో ఒకేసారి వేద్దామనుకుంటే ఆ డబ్బు అప్పటికి గ్యాస్ సిలిండరైపోతుంది.

ప్రశ్న: కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. పిల్లలు (11, 8 ఏళ్లు) రాజోలు దగ్గర మా అమ్మ ఇంట్లో ఉంటారు. రాత్రి తొమ్మిదికి పని అయ్యాక ఫోనులో కుటుంబ ప్రార్థన పెడదామంటే తప్పించుకుంటున్నారు.
— ఒక తల్లి

జవాబు: తప్పించుకోవడం కాదమ్మా, నిద్ర. మీకు తొమ్మిదైతే ఇక్కడ పదకొండున్నర. ఆ వేళకు లేపి ప్రార్థన చేయిస్తే పిల్లలకు ప్రార్థనంటే బెదురు పుడుతుంది.

రాత్రి మీరు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపండి. పిల్లలు బడికి వెళ్లేముందు టిఫిను దగ్గర వింటారు. లూకా సువార్తలోంచి నాలుగైదు వచనాలు మీ గొంతుతో చదవండి. ఆ తర్వాత ఒక ప్రశ్న. జవాబు ‘దేవుడు’ అనో ‘యేసయ్య’ అనో వచ్చే ప్రశ్న వద్దు. “తప్పిపోయిన కొడుకు ఇంటికొస్తుంటే అన్న ఎక్కడున్నాడు?” లాంటిది అడగండి. చివర్లో సంఖ్యాకాండం 6:24–26లోని దీవెన ఇద్దరి పేర్లూ పెట్టి పలకండి. జవాబు వాళ్లు వాయిస్‌లోనే పంపుతారు. మీకు శుక్రవారం సెలవిస్తే అక్కడ మధ్యాహ్నం మూడు, ఇక్కడ అయిదున్నర. ముఖాముఖి ప్రార్థన వారానికి ఆ ఒక్కసారి చాలు.

ఒకటి మాత్రం చేయకండి. “ప్రభువా, వీడికి చదువు మీద శ్రద్ధ పుట్టించు, అమ్మమ్మ మాట వినేలా చెయ్యి” అని పిల్లాడు వింటుండగా ప్రార్థించడం. దేవుడి పేరుతో తిడుతున్నారని వాడికి వెంటనే తెలిసిపోతుంది. అది విడిగా చేసుకోండి. మిగతా రోజుల్లో ప్రార్థన నడిపేది అమ్మమ్మే కానివ్వండి. తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు మొదట చెప్పిన పేరు అవ్వ లోయిది, తర్వాతే తల్లి యునీకేది.

ప్రశ్న: అమ్మ గొలుసు అక్కే తీసిందని రెండేళ్ల కిందట ముగ్గురు నలుగురు బంధువులతో అన్నాను. తర్వాత అది బ్యాంకు లాకర్లో దొరికింది. అక్క ఫోనెత్తదు. నెల నెలా రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభు బల్ల దగ్గరకు వెళ్లాలంటే చెయ్యి ముందుకు రావడం లేదు. పాస్టరు గారిని పంపనా?
— ఒక సహోదరి, నరసరావుపేట

జవాబు: ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకెళ్లడం, సంఘానికి చెప్పడం మత్తయి 18లో ఉన్నాయి. అవి అవతలివాళ్లు మన పట్ల తప్పు చేసినప్పటి మెట్లు. మీ సంగతి మత్తయి 5:23–24. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి మొదట వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. ఆ మాట విన్నది గలిలయవాళ్లు, బలిపీఠం ఉన్నది యెరూషలేములో, మధ్య మూడు రోజుల నడక. నరసరావుపేట నుంచి మీ అక్క ఊరు అంతకన్నా దగ్గరే అయ్యుంటుంది.

ఒక్కరే వెళ్లండి. పండగకో పెళ్లికో కాకుండా మామూలు రోజున వెళ్లండి. “ఏమైనా తప్పులుంటే క్షమించు” అనకండి, ఆ మాటలో తప్పు ఒప్పుకోవడం లేదు. “నువ్వు గొలుసు తీశావని ఫలానా ఫలానావాళ్లతో చెప్పాను. అది అబద్ధం. నీ పరువు తీశాను” అని పేర్లతో సహా చెప్పండి. “అప్పుడు నా పరిస్థితి అలా ఉంది” అన్న వివరణ జోడించకండి.

లేవీయకాండం 6లో తప్పుచేసినవాడు సొత్తు తిరిగివ్వడమే కాక అయిదో వంతు కలిపి ఇవ్వాలని ఉంది. మీరు తీసింది పరువు కాబట్టి, చెప్పిన ప్రతి ఇంటికీ వెళ్లి ‘నేను చెప్పింది తప్పు’ అని మీ నోటితోనే చెప్పిరండి. అయిదో వంతు కింద, మీరు చెప్పకపోయినా ఆ మాట చేరిన ఇళ్లు ఉంటాయి కదా, వాటికి కూడా. ఈ తిరుగుడు అక్క దగ్గరకు వెళ్లేముందే మొదలుపెట్టొచ్చు. ఆమె తలుపు తీయకపోతే ఇవే మాటలు కాగితం మీద రాసి ఇచ్చి రండి. వాట్సాప్‌లో మాత్రం పెట్టకండి.