మీ ప్రశ్నలు, మా జవాబులు: బాస్కెట్‌బాల్ కోర్టులో కుర్రాళ్లకు తోడుగా

ప్రశ్న: 12 నుంచి 16 ఏళ్ల పిల్లలు 20 మంది వస్తున్నారు. మాకున్నది హాఫ్ కోర్టు, ఒకే రింగు, 5 బంతులు. పెద్దవాళ్లం ముగ్గురం. గంటన్నరలో సగం మంది ఊరికే నిలబడి ఉంటున్నారు. ఎలా నడపాలి?

జవాబు: ఊరికే నిలబడిన పిల్లలే ముందుగా రావడం మానేస్తారు. అందుకే ఒకే లైనులో అందరినీ నిలబెట్టే పద్ధతి వదిలేయండి. మొదటి 10 నిమిషాలు పేరుపేరునా పలకరింపు, లేసులు బిగించడం, నేల ఊడ్చడం. ఇసుక, తడి ఉన్నచోటే ఎక్కువ మంది జారిపడతారు. మరో 10 నిమిషాలు వార్మప్. తర్వాత 25 నిమిషాలు మూడు గుంపులు: ఒకచోట 2 బంతులతో డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ కదలడం), ఒకచోట 1 బంతితో పాసులు, రింగు కింద 2 బంతులతో లేఅప్‌లు (రింగు దగ్గరికి పరిగెత్తి, ఎగిరి బంతి వేయడం). 8 నిమిషాలకోసారి చోట్లు మార్చండి. ఒక్కో గుంపు దగ్గర ఒక్కో పెద్ద మనిషి ఉండాలి.

ఆ తర్వాత 35 నిమిషాలు ఆట. నలుగురేసి 5 జట్లు చేసి ముగ్గురితో ముగ్గురిని ఆడించండి. 1-2, 3-4, 5-1, 2-3, 4-5 ఈ వరసలో 6 నిమిషాల ఆటలు పెడితే, మధ్యలో నిమిషం విరామంతో సరిగ్గా సరిపోతుంది. ప్రతి జట్టూ రెండుసార్లు ఆడుతుంది, ఎవరూ వెంటవెంటనే ఆడాల్సిన పని లేదు. ఒకటిన్నర నిమిషానికోసారి విజిల్ వేసి నాలుగో ఆటగాణ్ణి మార్చండి, అందరికీ సమానంగా ఆట దక్కుతుంది. బయట ఉన్న జట్లలో ఒకటి స్కోరు, విజిల్ చూసుకుంటుంది. మిగతావాళ్లు పక్కన డ్రిబ్లింగ్ చేస్తారు. గెలిచిన జట్టే కోర్టులో ఉండిపోయే పద్ధతి మాత్రం వద్దు. అందులో ఎక్కువ నేర్చుకోవాల్సినవాళ్లే తక్కువ ఆడతారు. చివరి 10 నిమిషాలు గుండ్రంగా కూర్చుని నీళ్లు, నాలుగు మాటలు. దాహం వేసేదాకా ఆగకుండా ఆట మధ్యలోనూ 15-20 నిమిషాలకోసారి నీళ్లు తాగించండి.

ప్రశ్న: ఆట అయిపోగానే పిల్లలు వెళ్లిపోతున్నారు. కూర్చోబెట్టి మాట్లాడితే తల దించుకుని "ఊఁ" అంటున్నారు. మరి మెంటారింగ్, అంటే పిల్లలకు తోడుండి దారి చూపడం, ఎప్పుడు?

జవాబు: ఆ మాటలు కోర్టులోనే జరగాలండి. కుర్రాడు షాట్లు కొడుతుంటే మీరు రింగు కింద నిలబడి బంతి అందించండి. ఇద్దరి చూపూ బంతి మీదే ఉంటుంది, కళ్లలో కళ్లు పెట్టి చూడనక్కర్లేదు. పది షాట్లు పడేలోపు, ఎదురెదురుగా అరగంట కూర్చున్నా రాని మాట ఒకటి బయటికొస్తుంది. మధ్యలో మౌనం వస్తే రానివ్వండి, బంతి అందిస్తూ ఉంటే చాలు.

"చదువు ఎలా ఉంది?" అంటే "బాగానే ఉంది" అనే వస్తుంది. "మొన్న పరీక్షలో ఏ లెక్క దగ్గర ఆగిపోయావు?" అని అడగండి. మెచ్చుకోలు కూడా అంతే. "బాగా ఆడావు" అన్న మాట ఎవరికైనా అతుకుతుంది. "షాట్ కొట్టే వీలున్నా, నీకంటే దగ్గరగా ఉన్నవాడికి పాస్ ఇచ్చావు చూడు, అది బాగుంది" అంటే తనను గమనిస్తున్నారని వాడికి తెలుస్తుంది.

పిల్లలు వెళ్లాక 5 నిమిషాలు కేటాయించి ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి: ఎవరు ఏం చెప్పారు, మీరు ఏం మాటిచ్చారు. అది ఇంకెవరి కంటా పడకూడదు. వచ్చే వారం ఆ సంగతి మీరే గుర్తుచేసి అడగాలి, అదీ పదిమందిలో కాదు. ఒక్కొక్కరు 6-7 మంది పిల్లల బాధ్యత తీసుకుని కనీసం ఏడాది నిలవండి. నాలుగు వారాలు ఆప్యాయంగా ఉండి చెప్పాపెట్టకుండా మాయమైతే, "పెద్దవాళ్లంతా ఇంతే" అన్న అనుమానమే పిల్లల్లో గట్టిపడుతుంది. వెళ్లక తప్పకపోతే నెల ముందే చెప్పి, మీ చోటికి వచ్చేవాళ్లను కోర్టులోనే పరిచయం చేయండి.

ప్రశ్న: 16 ఏళ్ల కుర్రాడు అందరికంటే బాగా ఆడతాడు. కోపమొస్తే నెట్టేస్తాడు. పంపేయమని మిగతావాళ్లు అంటున్నారు.

జవాబు: పంపేయకండి, అలాగని బాగా ఆడతాడని వదిలేయకండి. గాల్లోకి ఎగిరినవాణ్ణి రింగు కింద నెడితే తలో మణికట్టో నేలకు తగులుతుంది. ఈ సంగతి అందరికీ విడమరిచి చెప్పి, నియమం ఆటకు ముందే పెట్టండి: నెడితే 3 నిమిషాలు బయట. అదే రోజు రెండోసారి నెడితే ఆ రోజుకు ఆట ఆపి స్కోరు రాయాలి, కానీ చివరిదాకా అక్కడే ఉండాలి. కోపంలో ఉండగా మందలించకండి, నీళ్లిచ్చి 20 నిమిషాలు ఆగండి. ఆ తర్వాత ఏం జరిగిందో తన నోటితోనే చెప్పనివ్వండి. చాలాసార్లు అసలు కారణం పట్టించుకోని ఒక ఫౌల్ అయి ఉంటుంది. మరుసటి వారం ఒక ఆటకు విజిల్ అతని చేతికే ఇవ్వండి. ఫౌల్ ఇవ్వడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. శిక్షగా రౌండ్లు మాత్రం పరిగెత్తించవద్దు, పరుగంటేనే విసుగు పుడుతుంది.

ప్రశ్న: ఒక పిల్లవాడు రాత్రిళ్లు నాకు విడిగా మెసేజ్‌లు పెడుతున్నాడు. బండి మీద ఇంటి దగ్గర దించమనీ అడుగుతున్నాడు.

జవాబు: వాడి నమ్మకం మంచిదే. కానీ ఒంటరిగా దించడం, మూసిన గదిలో మాట్లాడటం, విడిగా మెసేజ్‌లు, ఈ మూడూ వద్దు. మెసేజ్‌లు ఇంట్లోవాళ్లో మరో మెంటారో ఉన్న గ్రూపులోనే సాగాలి. మాట్లాడాలంటే అందరికీ కనబడే చోట, బెంచీ మీద. ఇంట్లో కొడుతున్నారనో, చచ్చిపోవాలనుందనో చెబితే మాత్రం "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. పూర్తిగా విని, "నీకు సాయం చేయగలిగినవాళ్లకు చెప్పి తీరాలి" అని చెప్పి, ఆ రోజే పిల్లల రక్షణ చూసేవాళ్లకు తెలపండి. ప్రాణాపాయం అనిపిస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే అత్యవసర సాయం పిలవండి.

ప్రశ్న: ఏ సైజు బంతి కొనాలి?

జవాబు: 12 ఏళ్లలోపు వాళ్లకు 5, అంతకంటే పెద్ద అమ్మాయిలకు 6, పెద్ద అబ్బాయిలకు 7. రింగు ఎత్తు మామూలుగా 3.05 మీటర్లు. చిన్నవాళ్లకు బరువైన బంతి ఇస్తే భుజం మీంచి విసరడం అలవాటైపోతుంది, తర్వాత మాన్పించడం కష్టం.