ముప్పై ఆరేళ్ళకు బేస్ గిటార్ మొదలుపెట్టి బ్యాండ్‌లో వాయించవచ్చా?

మీ వయసు ముప్పై ఆరు, సంగీతంతో పరిచయం లేదు, ఆఫీసు మిత్రులు నలుగురు కలిసి సినిమా పాటలు వాయించే బ్యాండ్ ఒకటి పెట్టుకుని, బేస్ వాయించేవారు లేక మిమ్మల్ని రమ్మంటున్నారు. ఎంత కాలంలో నేర్చుకోగలను, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను తార్నాకలో ఉంటాను. ముప్పై మూడో ఏట దాదాపు ఇదే పరిస్థితిలో బేస్ పట్టుకున్నాను. తొమ్మిదేళ్ళుగా, ఉద్యోగం చేసుకుంటూనే, నెలకు రెండు మూడు శనివారాలు రిహార్సల్‌కు వెళ్తూ ఒకే బ్యాండ్‌లో కొనసాగుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: రోజుకు నలభై నిమిషాలు కేటాయించగలిగితే ఆరు నెలల్లో ఎనిమిది పాటలు నిలకడగా వాయించగలరు. అయితే పూర్తిగా వచ్చాకే బ్యాండ్‌లో చేరదామని ఆగకండి, రెండో నెలలోనే చేరండి. నేను ఆగి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను.

ఆ నాలుగు నెలలూ ఇంట్లో ఒక్కడినే కూర్చుని ఏ ఫ్రెట్ (మెడ మీది అడ్డకమ్మీ) మీద ఏ స్వరం ఉందో బట్టీపట్టాను, పాట పెట్టుకుని దానితోపాటు వాయించాను, అంతా సరిగ్గానే ఉందనుకున్నాను. సికింద్రాబాద్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక జామ్ రూమ్‌లో మొదటిసారి అందరం కలిసి వాయించిన రోజు, పాట సగంలో ఉండగానే మా డ్రమ్మర్ కర్రలు ఆపేసి, "అన్నా, మీ స్వరాలు కరెక్టే. కానీ మీ నోట్ నా స్నేర్ మీదికి వచ్చేస్తోంది. స్నేర్ పడేచోట ఆపెయ్యండి" అన్నాడు. స్నేర్ అంటే కర్రతో కొడితే చురుగ్గా పలికే డ్రమ్ము. ఆపడమంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. అప్పుడతను మిగతావాళ్ళను టీకి పంపించి, కిక్ (కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్ము), స్నేర్ మాత్రమే వాయిస్తూ, ఎ (A) తీగ ఒక్కటే మీటమన్నాడు. నాలుగు దెబ్బల తాళంలో ఒకటికి మీటాలి. రెండు పడే క్షణానికి ఎడమచేతి వేళ్ళు తీగ మీద మెత్తగా ఆనించి మోత ఆపాలి. మూడుకు మళ్ళీ మీటాలి, నాలుగుకు ఆపాలి. పది నిమిషాలపాటు మరో స్వరం లేదు. సగం సమయం గడిచాక కిక్కూ బేసూ వేర్వేరుగా వినిపించడం మానేసి ఒకే పెద్ద వాద్యం మోగినట్టయింది, నేను ఖాళీ వదిలిన చోట స్నేర్ తేటగా పలికింది. అప్పటిదాకా వాయించిన పాటే, అవే స్వరాలు, కానీ గది మొత్తం కుదురుకుంది.

బేస్ నేర్చుకోవడమంటే ముఖ్యంగా ఇదేనని నా నమ్మకం. లావుపాటి తీగను ఒకసారి మీటి వదిలేస్తే అది చాలా సెకన్లపాటు మోగుతూనే ఉంటుంది, మంద్రధ్వని కనుక మిగతా వాద్యాలన్నిటి కిందా పరుచుకుంటుంది. దానికి హద్దు గీయవలసింది వాయించేవారే. కాబట్టి మొదటి రోజు నుంచే మీటడంతోపాటు ఆపడాన్నీ సాధన చేయండి. ఎడమచేతి వేలిని ఫ్రెట్ మీద నొక్కడం మానాలి గానీ తీగను వదలకూడదు. వేలు తాకి ఉన్నంతసేపూ తీగ మూగబోతుంది. కుడి బొటనవేలు పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికను పట్టుకునే భాగం) మీదే స్థిరంగా ఉండనక్కర్లేదు, పై తీగ వాయించనప్పుడు దాని మీదికి దిగి దాన్ని మోగనివ్వకుండా చూసుకోవాలి. ఎ తీగ మీటినప్పుడు పక్కనున్న ఇ (E) తీగ కూడా తనంతట తాను సన్నగా మోగుతుంది. ఇంట్లో అది తెలియదు, జామ్ రూమ్‌లో పెద్ద ఆంప్‌లో (శబ్దం పెంచే యాంప్లిఫయర్‌లో) పెట్టగానే బురదలా వినిపిస్తుంది. ఒక స్వరం మీటి, ఆపి, చెవి దగ్గరగా పెట్టి ఇంకేమైనా మోగుతోందా అని వినడం నా రోజువారీ సాధనలో ఇప్పటికీ మొదటి అంశం.

వినడం గురించి ఇంకొక మాట. పాటలోని బేస్‌ను ఫోన్ స్పీకర్‌లో విని నేర్చుకోవాలని చూడకండి. ఇ తీగ మూలధ్వని సుమారు 41 హెర్ట్జ్. అంత కింది ధ్వనిని ఫోన్ స్పీకర్ పలికించలేదు. మూలధ్వనితోపాటు పుట్టే పై ధ్వనులను మాత్రమే వినిపిస్తే, లేని మూలస్వరాన్ని మన మెదడే ఊహించుకుంటుంది. వైర్ ఉన్న హెడ్‌ఫోన్లు కొనండి. బ్లూటూత్‌లో శబ్దం కొంత ఆలస్యంగా అందుతుంది, తాళం నేర్చుకునేవారికి ఆ ఆలస్యం పనికిరాదు. ముందు బేస్ వరుసను నోటితో కూనిరాగంగా పాడండి, పాడగలిగాకే వాయించండి. మెట్రోనోమ్ (సమానంగా టిక్కుమంటూ తాళం చూపే పరికరం) వాడేటప్పుడు కొన్ని వారాలయ్యాక, నిమిషానికి 80 దెబ్బల వేగం ఉన్న పాటకు మెట్రోనోమ్‌ను 40లో పెట్టి, వినిపించే దెబ్బలను రెండు, నాలుగు అనుకుని వాయించండి. ఒకటి, మూడు ఎక్కడ పడతాయో మీరే మోయవలసి వస్తుంది. బ్యాండ్‌లో మీరు చేయవలసిన పని కూడా అదే.

వాద్యం విషయంలో ఎక్కువ ఆలోచించకండి. నాలుగు తీగలది, సెకండ్ హ్యాండ్‌దైనా మెడ వంగనిది, తీగలు ఫ్రెట్లకు మరీ ఎత్తుగా లేనిది చాలు. నాది 12,000 రూపాయలకు కొన్న పాతది, దానితోనే అయిదేళ్ళు వాయించాను. అమెరికాలో గిటార్లు తయారుచేసిన లియో ఫెండర్ 1951లో తెచ్చిన బేస్‌కు ప్రెసిషన్ (కచ్చితత్వం) బేస్ అన్న పేరు రావడానికి ఒక కారణముంది. అంతకుముందు వాడిన నిలువెత్తు డబుల్ బేస్‌కు ఫ్రెట్లు లేవు. ఫ్రెట్లు పెట్టడంతో వేలు కాస్త అటూ ఇటూ అయినా స్వరం కచ్చితంగా పలకడం సాధ్యమైంది. ఇ, ఎ, డి, జి అన్న తీగల వరుస మాత్రం డబుల్ బేస్ నుంచి అలాగే వచ్చింది. సాధారణ బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. మెడ చివర, తీగలు బిగించే మరల వైపున్న ఫ్రెట్ల దగ్గర వేలికొక ఫ్రెట్ చొప్పున చాపితే మణికట్టు నొప్పి పుడుతుంది. అక్కడ చూపుడు వేలు, మధ్యవేలు వాడి, ఉంగరపు వేలు, చిటికెన వేలు కలిపి మూడో వేలిగా నొక్కండి. డబుల్ బేస్ వాయించేవారి పాత పద్ధతి ఇదే. చేతులు చిన్నవైతే 30 అంగుళాలవి కూడా దొరుకుతాయి. కుడిచేతి మెళకువల గురించి బెంగ వద్దు. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటలెన్నిటికో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు.

పాటల ఎంపికలో జాగ్రత్త అవసరం. తెలుగువాళ్ళ బ్యాండ్ అనగానే ఎవరో ఒకరు ఇళయరాజా పాట పెడదామంటారు. నాకూ ప్రాణం. కానీ ఆయన 1980ల పాటలు చాలావాటిలో బేస్ కార్డ్‌ల (కలిపి పలికే స్వరాల) కింద ఊరికే నిలబడదు, గాయకుడి వరుసకు ఎదురుగా తనదైన మరో వరుస పాడుతూ నడుస్తుంది. మొదటి ఏడాది దాన్ని ఉన్నదున్నట్టు వాయించబోతే వేళ్ళు పరుగెడతాయి, తాళం జారిపోతుంది. ముందుగా ఒక్కో కార్డ్‌కు ఒక్క రూట్ నోట్ (దాని ఆధార స్వరం) మాత్రమే, కిక్ పడినచోట మాత్రమే వాయిస్తూ పాట మొత్తం నడపండి. వినేవారికి లోటు తెలియదు, మీ బ్యాండ్‌కు ఆధారం దొరుకుతుంది. తర్వాత నెలకొక చోట అసలు వరుసలోని కదలికను చేర్చుకుంటూ వెళ్ళండి. జానపద బాణీ ఉన్న, ఆరు దెబ్బల ఊపులో సాగే 6/8 పాటలు తేలిగ్గా కనిపిస్తాయి గానీ, ఆ ఊపులో నోట్ ఆపే చోటు దొరకడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సమస్య గాయకుల శ్రుతి. మన గాయకుల్లో చాలామంది శ్రుతిని అంకెల్లో చెబుతారు: ఒకటి అంటే సి, మూడు అంటే ఇ, అయిదు అంటే జి, ఆరు అంటే ఎ. పాట మూడు శ్రుతిలో ఉంటే మీకు పండగే, అన్నిటికంటే మంద్రంగా పలికే ఇ తీగను ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితే చాలు. రిహార్సల్‌లో గాయకుడు గొంతు సవరించుకుని "పై స్థాయి అందడం లేదు, రెండున్నరకు దించుదాం" అంటాడు. గిటార్, కీబోర్డ్ వాళ్ళు ఏదోలా సర్దుకుంటారు. మీకు మాత్రం అడుగు స్వరమే లేకుండా పోతుంది, ఎందుకంటే రెండున్నర శ్రుతి ఇ కంటే అర స్వరం కింద, ఇ కంటే కిందికి మీ వాద్యం వెళ్ళదు. అప్పుడు డి తీగ మొదటి ఫ్రెట్ మీద ఒక స్థాయి (ఆక్టేవ్) పైన వాయించాలి, లేదా నాలుగు తీగలనూ అర స్వరం దించుకోవాలి. మేము ఇప్పుడు పాటలు ఖరారు చేసేటప్పుడే గాయకులతో చరణంలోని పై స్థాయి పాడించి, శ్రుతి రాసుకుని, దించవలసిన పాటలన్నిటినీ కార్యక్రమంలో ఒకేచోట వరుసగా పెట్టుకుంటాం. మధ్యలో శ్రుతి మార్చుకునే పని ఒక్కసారితో తీరుతుంది. అయిదు తీగల బేస్‌లో ఈ ఇబ్బంది ఉండదు, కానీ మెడ వెడల్పుగా ఉంటుంది, మూగబరచవలసిన తీగ ఒకటి పెరుగుతుంది. మొదట్లో వద్దని నా సలహా.

కరెంటు విషయం నిర్లక్ష్యం చేయవద్దు. అపార్ట్‌మెంట్ వేడుకలకు, ఫంక్షన్ హాళ్ళకు వెళ్ళినప్పుడు ఎర్తింగ్ సరిగా లేని చోట్లు తగులుతాయి. ఆంప్‌లో గుయ్‌మనే హమ్ మామూలుకంటే ఎక్కువగా ఉంటే ఎర్తింగ్‌ను అనుమానించాలి. ఒక వేడుకలో నా ఆంప్ ఒక ప్లగ్‌లో, మైకుల మిక్సర్ వేరే గది నుంచి లాగిన వైరులో ఉన్నాయి. కోరస్ పాడదామని మైకు దగ్గరికి వంగితే పెదవికి షాక్ కొట్టింది. అప్పటి నుంచి స్టేజీ మీద వాద్యాలన్నిటికీ, మిక్సర్‌కూ ఎర్తింగ్ ఉన్న ఒకే చోటి నుంచి కరెంటు వస్తేనే ప్లగ్ పెడతాం, టెస్టర్ ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. మీ ఇంట్లో కూడా ఇది చూసుకోండి. రాత్రిపూట సాధనకు హెడ్‌ఫోన్ ఆంప్ తప్పనిసరి. మంద్రధ్వని గోడలు, శ్లాబులు దాటి పై అంతస్తుకు చేరుతుంది, తలుపు మూసినంత మాత్రాన ఆగదు.

రిహార్సల్‌కు వెళ్ళినప్పుడు గదిలో ఎక్కడ నిలబడాలో మీరే ఎంచుకోండి. కొత్తవారు మొహమాటానికి ఒక మూల, తలుపు పక్కన సర్దుకుంటారు. డ్రమ్మర్ హై-హ్యాట్ (స్టాండు మీది జంట తాళాలు) పక్కకు వెళ్ళి, కిక్ పెడల్ తొక్కే కాలు మీకు కనిపించేలా నిలబడండి. కిక్ చెవికి చేరేలోగా ఆ మడమ లేవడం కంటికి తెలుస్తుంది.