పాలీప్రొపిలీన్‌లో రబ్బరు, టాల్క్ రెండూ కలిపినా భాగం ఎందుకు పగులుతోంది?

మీ ఇబ్బంది ఇదని అర్థమైంది: పాలీప్రొపిలీన్‌తో అచ్చుపోసిన భాగం చలికి పగులుతోందని ఇ.పి.డి.ఎం. రబ్బరు కలిపారు, దానితో భాగం మెత్తబడి వంగిపోయింది. గట్టిదనం కోసం టాల్క్ అనే ఖనిజ పొడి చేర్చేసరికి పెళుసుదనం మళ్లీ వచ్చింది. ఏది ఎంత శాతం ఉండాలని అడిగారు. కాంపౌండింగ్ (ప్లాస్టిక్‌ను కరిగించి ఇతర పదార్థాలను కలిపే) పనిలో చాలాకాలం ఉన్నవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, శాతాల కంటే ముందు తేల్చుకోవలసింది ఆ రబ్బరు, ఆ టాల్క్ ప్లాస్టిక్ లోపల ఏ రూపంలో, ఎక్కడ కుదురుకున్నాయన్నది.

పాలీప్రొపిలీన్ గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత (పదార్థం గాజులా బిగుసుకుపోయే ఉష్ణోగ్రత) సున్నా డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరలో ఉంటుంది. అంతకంటే చల్లబడితే దాని గొలుసు అణువులకు కదలిక తగ్గి, దెబ్బ తగిలినప్పుడు సాగడానికి బదులు పగుళ్లు పరుగెత్తుతాయి. ఇ.పి.డి.ఎం.కు అదే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 50 డిగ్రీలు కాబట్టి చలిలోనూ అది రబ్బరుగానే ఉంటుంది. దెబ్బ తగలగానే రబ్బరు బిందువుల లోపల సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడి, వాటి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సాగే అవకాశం దొరుకుతుంది. దెబ్బలోని శక్తిలో అధికభాగాన్ని మింగేది ఆ సాగుదలే. అందుకే విరిగిన ముక్క చేతికి రాగానే నేను మొదట విరిగిన అంచును చూస్తాను. అక్కడ తెల్లబడి ఉంటే రబ్బరు తన పని చేసిందనీ, నున్నగా ఉంటే రబ్బరు ఉండీ పనికి రాలేదనీ చాలావరకు చెప్పవచ్చు.

రబ్బరు పనికి రాకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం బిందువులు పెద్దవిగా ఉండిపోవడం. నైలాన్ 66 విషయంలో సౌహెంగ్ వూ అనే పరిశోధకుడు 1985లో చూపించింది చాలా విలువైనది: పక్కపక్కన ఉన్న రబ్బరు బిందువుల మధ్య మిగిలే ప్లాస్టిక్ పొర మందం సుమారు 0.3 మైక్రాన్ కంటే తగ్గినప్పుడే పదార్థం పెళుసుదనం వదిలి దెబ్బను తట్టుకుంటుంది. ఆ అంకె నైలాన్‌ది, దాన్ని పాలీప్రొపిలీన్‌కు యథాతథంగా వాడకూడదు. కానీ అదే శాతం రబ్బరు సన్నగా చెదిరితే బిందువుల మధ్య ఎడం తగ్గుతుందన్న సూత్రం మీకూ వర్తిస్తుంది. పాలీప్రొపిలీన్‌లో మైక్రాన్‌కు అటూఇటూగా ఉన్న బిందువులు మంచి ఫలితమిస్తాయి. కరిగిన ప్లాస్టిక్ పలచగా, రబ్బరు బాగా చిక్కగా ఉంటే స్క్రూ ఎంత తిరిగినా రబ్బరు ముద్దలుగానే మిగులుతుంది. కాబట్టి మీ పాలీప్రొపిలీన్ చిక్కదనానికి దగ్గరగా ఉండే రబ్బరు గ్రేడును ఎంచుకోండి, అచ్చు యంత్రం హాపర్‌లోనే గుళికలు కలిపి సరిపెట్టకుండా రెండు స్క్రూలతో కరిగించి కలిపే ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్ మీద ముందుగా కాంపౌండ్ చేయించండి.

ఇక అసలు చిక్కు టాల్క్‌తో వస్తుంది. మూడు పదార్థాలున్న మిశ్రమంలో టాల్క్ రేణువు నేరుగా ప్లాస్టిక్‌లో విడిగా ఉండవచ్చు, లేదా దాని చుట్టూ రబ్బరు పొర కప్పుకోవచ్చు. విడిగా ఉంటే గట్టిదనం పెరుగుతుంది. రబ్బరు కప్పుకుంటే ఆ రేణువు కూడా మెత్తని బిందువులాగే ప్రవర్తించి, మీరు టాల్క్ ఎందుకు వేశారో ఆ ప్రయోజనమే పోతుంది. మాలిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనాన్ని అణువులకు అతికించిన రబ్బరు వాడితే అది ఖనిజం ఉపరితలానికి అంటుకుని, రేణువును కప్పే ధోరణి పెరుగుతుంది. అదే మాలిక్ అన్‌హైడ్రైడ్‌ను పాలీప్రొపిలీన్‌కు అతికించి కొద్దిగా కలిపితే ఖనిజం ప్లాస్టిక్ వైపే నిలుస్తుంది. నైలాన్‌కు మాలిక్ రబ్బరు బాగా పనిచేసిందని విని పాలీప్రొపిలీన్ మిశ్రమంలోనూ వాడేవారున్నారు, కానీ గట్టిదనం కూడా కావలసిన మీకు మామూలు ఇ.పి.డి.ఎం. మేలు.

పెళుసుదనం మళ్లీ వచ్చిందన్నారు కాబట్టి టాల్క్ రేణువుల సైజును అనుమానించండి. సగటు రేణువు సన్నగా ఉన్నా, మధ్యలో ఉండిపోయిన కొద్దిపాటి ముతక రేణువులు, సరిగా విడిపోని గడ్డలు పగులుకు మూలమవుతాయి. అందువల్ల సగటుతో పాటు అత్యంత పెద్ద రేణువు కొలతను కూడా సరఫరాదారును అడగండి. గట్టిదనం అంతగా అవసరం లేకపోతే స్టియరిక్ ఆమ్లం పూత ఉన్న సన్నని కాల్షియం కార్బొనేట్ దెబ్బను తట్టుకునే గుణానికి టాల్క్ కంటే తక్కువ హాని చేస్తుంది. టాల్క్ వేడి నుంచి కాపాడే స్టెబిలైజర్‌ను కొంత పట్టేసుకుంటుందని కూడా గుర్తుంచుకుని, భాగం వేడిలో పనిచేసేదైతే స్టెబిలైజర్‌ను ఆ మేరకు పెంచండి.

మొదలుపెట్టడానికి 15 శాతం రబ్బరు, 10 శాతం సన్నని టాల్క్ తీసుకుని, ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడండి. గాటు పెట్టిన నమూనాను లోలకంతో కొట్టి విరిచే ఐజాడ్ పరీక్షను గది ఉష్ణోగ్రతతో పాటు భాగం నిజంగా పగులుతున్న చలిలోనూ చేయించండి. ఆ పరీక్షలో గాటు మొన వ్యాసార్ధం 0.25 మిల్లీమీటర్లు, మీ భాగం లోపలి మూలలు అంత పదునుగా ఉంటే ప్రతి మూలా ఒక గాటే అవుతుంది. పగులు ఎప్పుడూ ఒకే మూల నుంచి మొదలవుతుంటే, ఫార్ములా జోలికి వెళ్లకముందే అచ్చులో ఆ మూలను గుండ్రం చేయించండి.