పెద్ద తెర కట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుణ్ణి ఆశీర్వదించి మామయ్య వ్రాయునది.

బావగారు కట్టించిన సినిమా హాలును పడగొట్టకుండా, బాల్కనీ తీసేసి, 60 అడుగుల తెరతో ప్రీమియం హాలుగా మార్చాలనుకుంటున్నావని, దానికి ఏ సంస్థ సర్టిఫికెట్ తీసుకుంటే బాగుంటుందో నన్ను కనుక్కోమన్నావని అక్కయ్య ఫోనులో చెప్పింది. ఆ హైదరాబాదు ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకముందే అడిగినందుకు సంతోషించాను. హాళ్లలో తెరా సౌండూ కొలిచే ఇన్నేళ్ల నా పనిలో, ఇచ్చేసిన తరువాత పిలిచినవాళ్లనే ఎక్కువగా చూశాను.

సర్టిఫికెట్లన్నీ ఒక జాతివి కావు. హాలు నడపడానికి ప్రభుత్వం ఇచ్చే మన బి ఫారం లైసెన్సు ప్రేక్షకుల భద్రత చూస్తుందే గాని తెర మీద వెలుగు ఎంత పడుతోందో అడగదు. టీహెచ్‌ఎక్స్‌ను చాలామంది ఇప్పటికీ ఒక సౌండ్ సిస్టమ్ అనుకుంటారు. నిజానికి అది హాలును కొలిచి చూసే పద్ధతి. సినిమా శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ గదిలో విన్నదే హాల్లోనూ వినిపించాలన్న పట్టుదలతో స్టార్ వార్స్ తీసిన లూకాస్‌ఫిల్మ్‌లో టామ్లిన్సన్ హోల్మన్ దాన్ని రూపొందించగా, 1983లో అది హాళ్లలోకి వచ్చింది. ఐమాక్స్, డాల్బీ సినిమా అన్న పెద్ద తెర బ్రాండ్ల దారి వేరు: పేరుతో పాటు పరికరాలూ, గది నమూనా కూడా వాళ్లు చెప్పినట్టే ఉండాలి. ఇవేవీ కాక సొంత పేర్లతో నడిచే పెద్ద తెరలున్నాయి. హైదరాబాదు ప్రసాద్స్‌లో 2003లో ఐమాక్స్‌గా మొదలైన తెర స్థానంలో ఇప్పుడు పీసీఎక్స్ అన్న సొంత పేరుంది. సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన వంద అడుగులు దాటిన తెర చెన్నై క్యూబ్ సినిమా కంపెనీ వారి ఎపిక్ పేరుతో వచ్చింది. కాబట్టి ఏ పేరు పెట్టుకోవాలన్నది చివరి ప్రశ్న. ఏ అంకెలు సాధించాలన్నదే మొదటి ప్రశ్న, వాటిలో సగం పని మొదలుకాకముందే తేలిపోతాయి.

ముందు టేపు పట్టుకుని హాల్లోకి వెళ్లు. నాకు గుర్తున్నంతవరకు తెర నుంచి వెనుక గోడకు 110 అడుగులు ఉంటుంది. చిట్టచివరి వరుసలో కూర్చున్నవాడి కంటికి తెర రెండు అంచుల మధ్య కోణం 36 డిగ్రీలు ఉండడం మేలని టీహెచ్‌ఎక్స్ అంటుంది. 60 అడుగుల తెరకు అది కుదరాలంటే ఆఖరి సీటు 92 అడుగుల దగ్గర ఆగిపోవాలి. ఉన్న పొడవంతా సీట్లు వేస్తే కోణం 30 డిగ్రీలకు పడిపోతుంది. అది మామూలు హాలుకు సరిపోతుంది గాని, ప్రీమియం టికెట్టు కొన్నవాడికి సరిపోదు. నా మాట వింటే వెనుక 18 అడుగులు వదిలేసి, ప్రొజెక్టర్ కేబిన్‌ను ముందుకు జరుపు. మూడు వరుసల రిక్లైనర్లు పోతాయని నీ లెక్కల మనిషి గొడవ చేస్తాడు, చెయ్యనీ. ముందు వరుస విషయంలోనూ ఆశ పడకు. తెర పైఅంచు చూడడానికి 35 డిగ్రీలకు మించి కళ్లు ఎత్తాల్సివస్తే అక్కడ సీటు వెయ్యకూడదు.

వెలుగు లెక్క నువ్వే వేసుకోగలవు. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం తెర మధ్యలో తెలుపు 14 ఫుట్‌లాంబర్టులు (తెర నుంచి కంటికి వచ్చే వెలుగుకు కొలమానం), అంటే చదరపు మీటరుకు 48 క్యాండెలాలు ఉండాలి. మూలల్లో అందులో 70 శాతానికి తగ్గకూడదు. 60 అడుగుల వెడల్పు, 1.85 నిష్పత్తి (ఎత్తుకు 1.85 రెట్లు వెడల్పు) ఉన్న తెర వైశాల్యం సుమారు 1,946 చదరపు అడుగులు. దాన్ని 14తో గుణిస్తే, గెయిన్ (తెర వెలుగును ఎంత తిరిగి విసురుతుందన్న అంకె) ఒకటి ఉన్న తెల్ల తెరకు 27,000 పైచిలుకు ల్యూమెన్ల వెలుగు తెర మీద పడాలి. కేబిన్ కిటికీకి మామూలు అద్దం వేస్తే దాదాపు 8 శాతం అక్కడే పోతుంది కాబట్టి పూత ఉన్న అద్దమే వేయించు. లేజర్ ప్రొజెక్టరైనా ఏళ్లు గడిచేకొద్దీ వెలుగు తగ్గుతుంది గనుక, కరపత్రంలోని అంకె చూసి సరిగ్గా సరిపోయే యంత్రం కొనవద్దు. వెలుగు చాలక గెయిన్ ఎక్కువున్న సిల్వర్ తెర వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. మధ్యలో మెరిసి, పక్కల చీకటిగా ఉండే ఆ బొమ్మను త్రీడీ రోజుల్లో తప్పక భరించాం. డాల్బీ సినిమా వారు టూడీకే 31 ఫుట్‌లాంబర్టులు ఇస్తారు. ఆ పోటీకి దిగితే ఖర్చు మన ఊరి టికెట్టు ధరకు అందదు.

సౌండు దగ్గర మనవాళ్లు స్పీకర్లు లెక్కపెడతారు, నేను ముందు నిశ్శబ్దం కొలుస్తాను. ఏసీ పూర్తిగా నడుస్తుండగా ఖాళీ హాల్లో రొద, గది రొదను కొలిచే ఎన్‌సీ స్కేలు మీద 30 (ఎన్‌సీ-30) దాటకూడదు. పరీక్ష డిసెంబరు రాత్రి పెడితే ఏసీ గొంతు బయటపడదు, కాబట్టి వేసవి మధ్యాహ్నం పెట్టించు. రీసౌండ్‌ను గోడలకు, వెనుక పక్కకు సరైన మందంలో పీల్చే పదార్థం వేయించే అణచాలి. సౌండులో బాసు, ట్రెబుల్ సవరించే ఈక్వలైజరు తిప్పితే అది పోదు. సౌండు పెంచి తగ్గించే ఫేడరును 7 దగ్గర పెట్టి పింక్ నాయిస్ అనే పరీక్ష హోరు వదిలితే తెర వెనుక ఒక్కొక్క ఛానెలూ 85 డెసిబెల్స్ చూపాలి. ఆ తరువాత హీరో ఎంట్రీకి ఆపరేటరు ఫేడరు ఎక్కడికి తోస్తాడన్నది ఏ సర్టిఫికెట్టూ ఆపలేదు, అది నువ్వు చూసుకోవలసిన సంగతి. తొలిరోజు తెర ముందు కర్పూరం వెలిగించే అభిమానులను కూడా బయటే నిలబెట్టు. ఆ మసి తెరకున్న సన్న రంధ్రాల్లో చేరితే తుడిచినా పోదు.

నేను పనిచేసిన ఒక హాల్లో జరిగినది నీకు ఎప్పుడూ చెప్పలేదు. కొలతల రోజున కాంట్రాక్టరు మనుషులు కేబిన్ అద్దం తీసి, కొత్త ల్యాంపు పూర్తి కరెంటు మీద వెలిగించి మీటరు పెట్టారు. నాకు తెలిసే సంతకం చేశాను, యజమాని తొందరపడుతున్నాడని. ఏడాది తిరిగేసరికి బొమ్మ మసకబారింది, సర్టిఫికెట్ ఫలకం మాత్రం టికెట్ కౌంటరు పక్కన మెరుస్తూనే ఉంది. అందుకే ఒప్పందంలో ఐదు మాటలు విడిగా రాయించు: అద్దం బిగించి, మామూలు ఆటకు వాడే అమరికలోనే కొలవాలి, ఏటా మళ్లీ కొలవాలి, ఆ ఖర్చు ఎవరిదో ఇప్పుడే తేలాలి, అంకెలు తప్పితే ఎన్ని రోజుల్లో సరిచేస్తారో ఉండాలి, కొలిచిన అసలు అంకెల కాగితం వాళ్ల దగ్గరే కాక నీ దగ్గరా ఉండాలి. ఇవి ఒప్పుకోని సంస్థ ఎంత పెద్దదైనా వద్దు. వీటితో పాటు ఒక లైట్ మీటరు కొని ఆపరేటరుకు ఇచ్చి, ప్రతి సోమవారం మొదటి ఆటకు ముందు తెర మధ్య, నాలుగు మూలలు కొలిచి పుస్తకంలో రాయమను.

టేపు కొలతలు, హాలు ఎత్తు, పక్క గోడల మధ్య వెడల్పు, ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని కేవీఏలదో రాసి పంపు. అవి చూశాక 60 అడుగులా, ఇంకొంచెం తగ్గించాలా అన్నది తేల్చుదాం. అప్పటిదాకా ఆ హైదరాబాదు ఏజెంటుకు చెక్కు ఇవ్వకు.

అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య