మీ నాయనమ్మ ఫేటియాకు కత్తెర పెట్టకు

అమ్మలూ,

తీజ్ పండక్కి మీ నాయనమ్మ ఫేటియా (మన లంబాడీల అద్దాల పావడా) కట్టుకుంటానన్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమైందో! కానీ చిరిగినంత మేర కత్తిరించి కొత్త అంచు వేయిస్తావట. ఆ పని మాత్రం చేయకు తల్లీ.

ముందు గుడ్డను తిరగేసి చూడు. లంబాడీ కుట్టు వెనకవైపు నుంచే బాగా అర్థమవుతుంది. మా అమ్మ దారం ఎక్కడ మొదలుపెట్టింది, ఎటు మళ్లించిందీ అక్కడే తెలుస్తుంది. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల ఒత్తు. రంగు అంటితే నీళ్లలో ముంచకు. చిరుగు కింద పాత మెత్తటి నూలుగుడ్డ పెట్టి సన్నగా కుట్టు.

రాలిన అద్దాలు నువ్వే కుట్టుకో. అద్దానికి రంధ్రాలుండవు, దారమే దాన్ని పట్టి ఉంచాలి. నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు అద్దం మీదుగా బిగించి లాగు. మధ్యలో చిన్న చదరం మిగులుతుంది. ఆ దారాలను అందుకుంటూ చుట్టూ కాజా కుట్టు వేస్తే అవి అంచుకు జరిగి అద్దం గుండ్రంగా బయటపడుతుంది. మొదటి దారాలు వదులైతే మళ్లీ రాలుతుంది. అందుకే ముందు వేరే గుడ్డ మీద చేయి తిరగనీ. ప్లాస్టిక్ చుట్టు ఉన్న అద్దాలు కొనకు, ఈ గుడ్డకు నప్పవు.

గవ్వలు ఒక్కటీ తీసేయకు. మనవాళ్లు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊళ్లు తిరిగిన కాలంలో గవ్వ కూడా డబ్బుగా చెల్లేది. ఆ ఎద్దుల గోనెలనూ ఆడవాళ్లు గవ్వలతో, అద్దాలతో కుట్టేవారు. దిష్టి తగలదని నమ్మకం. రైళ్లొచ్చి ఆ బేరం పోయినా సూది మాత్రం తండాలో మిగిలింది. కూతురి పెళ్లికి తల్లి ఏళ్ల తరబడి కుట్టి దాచేది.

జుట్టుకు వేలాడే ఘుగ్రీ, టోప్లీ నగలు పెళ్లయినవాళ్ల గుర్తు. ఫోటో కోసమైనా నువ్వు పెట్టుకోకు, పెద్దవాళ్లు బాధపడతారు. కాంచళి (రవిక), టుక్రీ (ఓణీ) వేసుకో, చక్కగా ఉంటావు.

కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. అక్కడి ఆడవాళ్లు 14 రకాల కుట్లు లెక్కపెట్టి చెబుతారు. మన దగ్గర మాత్రం పాత ఫేటియాలను ముక్కలు చేసి సంచులు, దిండు గలీబులు కుట్టి అమ్ముతుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది.

పండగయ్యాక ప్లాస్టిక్ కవర్లో పెట్టకు, చెమ్మ పడుతుంది. పాత పంచెలో చుట్టి ఎండు వేపాకు వేయి. మడత ప్రతిసారీ ఒకేచోట పడనీయకు, అద్దాల దగ్గర గుడ్డ చీలుతుంది. సెలవులకు వచ్చేటప్పుడు ఫేటియా కూడా తీసుకురా, నడుము దగ్గరి కుట్టు మనిద్దరం కూర్చుని చేద్దాం.

మీ మేనత్త